రెండూ గుడ్లు పెట్టినయన్నా

ఖమ్మం పాత బస్టాండు వెనక సందులో నాకు రంగుచేపల దుకాణం ఉంది. పేరు మురళీకృష్ణ, సొంతూరు పెనుబల్లి. తొట్టిలో చేపను ఒక్కసారి చూసి ఇది మగ, ఇది ఆడ అని చెప్పేస్తానని ఈ చుట్టుపక్కల నాకు పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో ముందే చెప్పాలి. తర్వాత నేను చేసిన సిగ్గుమాలిన పనికి మూలం అందులోనే ఉంది.

సిక్లిడ్ జాతి చేపల్లో మగ ఆడ తేల్చడం పెద్ద తిరకాసు. గప్పీలైతే తోక రంగు చూసి చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఇవి అలా కావు. ఫ్లవర్‌హార్న్‌కు నుదుటి మీద బుడిపె లేస్తుంది. పెద్ద బుడిపె ఉంటే మగదని అంటాం కానీ, బుడిపె లేవని మగవి ఉన్నాయి, ఎంతో కొంత లేచే ఆడవీ ఉన్నాయి. జీబ్రా అని ఇంకొకటి, ఒంటినిండా నల్లచారలు. అందులో పొట్ట మీద నారింజ రంగు మెరిసేది ఆడది. రంగున్నదే మగదనుకుని మొదటి ఏడాది ఎంతమందికి తలకిందులుగా అంటగట్టానో నాకే లెక్క లేదు. ఇక ఏంజెల్ చేప. వెండిలాంటి ఒళ్లు, నిలువునా నల్లచారలు, పైకీ కిందికీ పొడుగాటి రెక్కలు. అందులో మగా ఆడా అచ్చం ఒకేలా ఉంటాయి. గుడ్లు పెట్టే రోజున మాత్రం పొట్ట కింద చిన్న గొట్టం బయటికి వస్తుంది. ఆడదానికి మొద్దుగా ఉంటుంది, మగదానికి సన్నగా మొనదేలి ఉంటుంది. ఆ ఒక్కరోజు చూసినవాడు చెప్పగలడు. మిగతా రోజుల్లో చెప్పేవాడు ఊహించి చెబుతున్నట్టే.

నేను ఆ మిగతా రోజుల్లోనే చెప్పేవాణ్ణి. నుదురు కాస్త ఎత్తుగా ఉంటే మగ, వాలుగా ఉంటే ఆడ. కళ్లు చిన్నవి చేసి, అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టి, తల పంకించి మరీ చెప్పేవాణ్ణి. ఉన్నవి రెండే జవాబులు కాబట్టి సగం సార్లు నిజమయ్యేది. నిజమైనవాళ్లు పదిమందికి చెప్పారు. తప్పయినవాళ్లకు ఆ తప్పు తెలియనే తెలియదు. ఇంట్లో అందానికి చేపను పెంచుకునేవాడు దాని సంసారం సంగతి పట్టించుకోడు కదా. అలా ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చాను. 'తెలియదు' అన్న మాట నోట్లోంచి వచ్చిన రోజు దుకాణం మూతపడుతుందన్నంత భయం నాకు.

పూలి మాఘమాసంలో వచ్చింది. ఏన్కూరు దాటి లోపలికి వెళ్తే అడవి అంచున రేగులతండా ఉంది, ఆమెది ఆ ఊరు. ముప్పై అయిదేళ్లుంటాయి. మహిళా సంఘం పంపితే రంగుచేపల పెంపకంలో వారం రోజులు శిక్షణ తీసుకుందట. ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించి నాలుగు తొట్లు పెట్టుకుంది.

"ఏంజెల్ జత కావాలన్నా. పిల్లలు తీసే జత," అంది. "నాయి పిల్లలైతే మా సంఘంల ఇంకో ఆరుగురు తొట్లు పెడ్తమంటున్నరు. అందరి కండ్లు నా మీదనే ఉన్నయి."

పెద్ద తొట్టిలో పదిహేను చేపలున్నాయి. కళ్లు చిన్నవి చేశాను, అద్దం తట్టాను, రెండింటిని వల వేసి తీసి నీళ్ల సంచిలో వేశాను. ఇది మగ, ఇది ఆడ అన్నాను. పూలి సంచి పైకెత్తి వెలుతురులో చాలాసేపు చూసింది.

"ఎట్ల తెలిసెనన్నా నీకు?"

"చెప్తే వచ్చేది కాదమ్మా అది. చూపు ఉండాలి."

"జర నాకూ నేర్పరాదె. రేపు పిల్లలు పెద్దగైతే జతలు నేనే కట్టుకోవాలె గద."

"పదేళ్లు నీళ్లల్లో చేతులు నాననీ. అదే వస్తుంది," అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నమ్మింది.

నెల తిరగకుండానే ఫోన్ చేసింది. తొట్టిలో ఇంటి పెంకు ఒకటి ఏటవాలుగా ఆనించి పెట్టిందట, దాని మీద గుడ్లు పెట్టాయట. "గసగసాలు అంటించినట్టు పెంకు నిండ పెట్టినయన్నా!" అని ఒకటే సంబరం. మూడోరోజు మళ్లీ ఫోన్. "తెల్లగైనయి. సగ్గుబియ్యం లెక్క అయినయి. అవే తినేసినయి."

మొదటి కాన్పు అట్లాగే పోతుందిలే అన్నాను. రెండోసారీ అంతే అయింది. నీళ్లు మార్చమన్నాను, బాదం ఆకు వేయమన్నాను. మూడోసారికి గుడ్లకు బూజు పట్టకుండా నీలిమందు చుక్కలు, వెలుతురు పడకుండా తొట్టికి గోనెసంచి. చెప్పినవన్నీ చేసింది. షెడ్డులో మునివేళ్ల మీద నడిచేదట. అత్త మంగ్లి రోకలి పట్టుకుంటే చప్పుడవుతుందని అవతలి వాకిట్లోకి పంపేదట. నాలుగోసారి ఫోన్ చేసి, "రెండూ పెడ్తున్నట్టు కనబడుతున్నదన్నా. వీడియో పంపిన, జర చూడు," అంది.

నేను చూడలేదు. తీరిక లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అందులో ఏం కనబడుతుందోనని భయపడ్డాను.

తొలకరి పడ్డాక సంఘం ఆడవాళ్లు నన్ను తండాకు పిలిచారు. ఆరుగురూ తొట్లు కొనాలా వద్దా తేల్చుకోవాలి. నేను వెళ్లేసరికి షెడ్డు ముందు పాతికమంది ఉన్నారు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో తండా పెద్ద, అంటే నాయక్, హాతీరాం. ఎనభై ఏళ్లు, రెండు చెవులూ దాదాపు మొద్దుబారాయి. పక్కన మంగ్లి కూర్చుని ఎవరేమన్నా ఆయన చెవిలో అరిచి చెబుతోంది.

తొట్టిలో ఐదోసారి పెట్టిన గుడ్లు కూడా తెల్లబడి ఉన్నాయి.

"రెండూ గుడ్లు పెట్టినయన్నా," అంది పూలి అందరి ముందూ. "ముందుగాల ఇది పెట్టింది. ఇది పక్కకు జరిగినంక అది గూడ వచ్చి పెట్టింది. నా కండ్లతోని చూసిన."

నేను పకపకా నవ్వాను. "మగది గుడ్లు పెట్టిందా? ఇంకా నయం, కోడిపుంజు కూడా పెట్టిందనలేదు." అందరూ నవ్వారు. పూలి నవ్వలేదు.

హాతీరాం చెయ్యెత్తాడు. "సేటూ, ఒక్క మాట. ఈ పిల్ల చెయ్యి మా తండాల పేరున్న చెయ్యి. పెండ్లికి ముందట తీజ్ పండుగల ఈమె బుట్టల గోధుమ మొలక అందరికన్న ఎత్తు లేస్తుండె. మిరప నారు పోసేటప్పుడు మా ఇండ్లల్ల గింజల ప్యాకెట్ కత్తిరించి మొదటి పిడికెడు చల్లేది ఈమెనే. పన్నెండేండ్ల సంది ఒక్క మడి మురగలే. గసుంటి చెయ్యి పడ్డా చేపలు నిలుస్తలేవంటే, తప్పు యాడున్నట్టు?"

ముసలాయన చెవులకే గానీ బుర్రకు చెవుడు లేదు. ఆమె చెయ్యి మంచిదైతే ఇక మిగిలింది నా చేప. పాతికమంది నా మొహం చూస్తున్నారు, ఆరుగురు గిరాకీలు చేజారిపోతున్నారు, ఎనిమిదేళ్ల పేరు పోతోంది. అప్పుడు అన్నాను.

"మట్టి వేరు తాతా, నీళ్లు వేరు. నీళ్లల్లో ప్రాణం చేతి గుణాన్ని ఇట్టే పట్టేస్తుంది. చేప తప్పు లేదు, నీళ్ల తప్పు లేదు. ఈమె చేతిలో చేవ పోయింది. ఈ చెయ్యి పడితే గుడ్డేంటి, గింజ కూడా మురిగిపోద్ది."

"ఏందంటడు?" అన్నాడు హాతీరాం. మంగ్లి నోరు తెరవలేదు. కోడలి గురించి ఆ మాట ఎట్లా అరుస్తుంది. అందుకని నేనే లేచి, ఆయన వైపు వంగి, గొంతెత్తి అరిచాను. "చేతి తప్పు, తాతా! ఈమె చెయ్యి మంచిది కాదు!"

ఈసారి వినబడింది. అవతలి వీధిలో ఉన్నవాళ్లకు కూడా వినబడి ఉంటుంది. హాతీరాం తల దించుకున్నాడు. పూలి తన రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచి, ఇంకా ఎవరూ రాకముందు, ఆ వీడియో చూశాను. పూలి ఫోన్‌ను కదలకుండా పట్టుకుని తీసింది. ఒక చేప పెంకు మీదుగా పైకి పాకుతూ వరసగా గుడ్లు అంటించింది. వెనకే పూలి గొంతు, గుసగుసగా. "ఇది పెట్టిందన్నా. ఇగ అది వస్తున్నది చూడు." రెండోది వచ్చింది. దాని పొట్ట కింద గొట్టం కూడా మొద్దుగానే ఉంది. అదీ వరసగా గుడ్లు అంటించింది. రెండూ ఆడవే. మగతోడు దొరకనప్పుడు రెండు ఆడవి జతకట్టి, గుడ్లు పెట్టి, కాపలా కూడా కాస్తాయి. గుడ్లు మాత్రం తెల్లబడిపోతాయి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చూడలేదు. పదేళ్లు నీళ్లల్లో చేతులు నానబెట్టమన్నాను కదా, ఆమె నాలుగు నెలల్లోనే నాకంటే బాగా చూసింది. చూసినదాన్ని చూసినట్టు చెబితే, కోడిపుంజు అని ఎగతాళి చేశాను.

ఫోన్ చేతిలోనే ఉంది. ఆమె నంబరు ఎదురుగానే ఉంది. చేయలేదు. రేపు చేద్దాం అనుకుంటూ రెండు వారాలు గడిపేశాను.

ఆషాఢంలో మంగ్లి చేపల మేత కొనడానికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ పూలే వచ్చేది.

"కోడలు రాలేదేం?" అన్నాను.

"పక్కూరికి కూలికి పోవుడు తప్ప యాడికి వస్తలేదు బిడ్డా. నారుమళ్లు మొదలైనయి. ఈ ఏడు ఎవ్వరు పిలుస్తలేరు దాన్ని. గింజలు మస్తు పిరం, ఎవరి భయం వాళ్లకుంటది. మా ఇంట్ల ప్యాకెట్ గూడ నేనే కత్తిరించిన, ఏం జెయ్యను. మొన్న నీళ్ల బిందె ఎత్తుకొని రామ్‌చందర్ మడి పక్కపొంటి పోతుంటే, ఆయన పెండ్లాం అటు దిక్కు నుంచి పొమ్మన్నదట. ఇంటికొచ్చినంక అరచేతులు చూసుకుంట కూసుంటది."

రెండూ ఆడవే, తప్పు నాది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దుకాణంలో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. మింగేశాను. మేత ప్యాకెట్లు రెండు ఊరికే ఇచ్చాను. మంగ్లి నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండానికి నా ఒళ్లు కంపరమెత్తింది.

అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవాల్సింది. నాకు తోచింది ఇంకో దొంగ ఉపాయం. నా దగ్గర ఒక ఏంజెల్ మగచేప ఉంది. దాని పిల్లలు నా తొట్టిలోనే ఈదుతున్నాయి కాబట్టి, నా దుకాణం మొత్తంలో మగదని నాకు నిజంగా తెలిసిన ఏంజెల్ అదొక్కటే. దాన్ని సంచిలో వేసుకుని, పూలి కూలికి వెళ్లే వేళ చూసుకుని తండాకు పోయాను. నీళ్లు పరీక్ష చేయాలన్నాను. మంగ్లి షెడ్డు తలుపు తీసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. చప్పున ఒక ఆడచేపను తీసేసి మగదాన్ని వదిలాను. అవే చారలు, అదే సైజు. ఎవరికీ తెలియదనుకున్నాను. పిల్లలు పుడితే పూలి పేరు మళ్లీ నిలబడుతుంది, నా పేరుకూ ఢోకా ఉండదు అని లెక్క వేసుకున్నాను. టీ తాగి వచ్చేశాను.

పద్దెనిమిది రోజులకు మంగ్లి ఫోన్ చేసింది. "పిల్లలైనయి బిడ్డా! తోకలు ఆడిస్తున్నయి! నువ్వొచ్చి చెయ్యి పెట్టిపోయినంకనే నిలిచినయి. తండ మొత్తం అదే మాట. ఏం చెయ్యి సేటుదని! మా నాయక్ ఆయన నారుమడి ఇంక పోయలే. మొదటి పిడికెడు నీ చేతితోనే పడాలంటుండు. ఆదివారం జల్దీ రా."

నేను చేసిన ఘనకార్యం ఇదన్నమాట. ఆమె చేతికి అంటించిన మసి కడుగుదామని పోయి, ఆ చేతికున్న పేరు కూడా ఎత్తుకొచ్చాను.

ఆదివారం వెళ్లకుండా ఉందామనుకున్నాను. వెళ్లకపోతే హాతీరాం ఇంకెవరినో పిలుస్తాడు తప్ప పూలిని పిలవడు. వెళ్లాను. ముందు షెడ్డుకే పోయాను. పూలి అక్కడే ఉంది. తొట్టిలో రెండు వందలకు పైగా పిల్లలు, సన్నగా, ఉప్మారవ్వ చల్లినట్టు కదులుతున్నాయి. ఆమె వాటికి దూరంగా నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"పాతదానికి కింది రెక్క కొసన చిన్న చింపు ఉండెనన్నా," అంది నా వైపు తిరగకుండానే. "దీనికి లేదు."

నా చూపు తొట్టిలోని మగచేప రెక్క మీదికి పోయింది.

"కూలికి పోయొచ్చిన పొద్దే చూసిన. ఎవ్వరికి చెప్పలే. చెప్తే ఎవరింటరు? రెండూ పెట్టినయని చెప్పిన గద ఆ పొద్దు. నవ్విరి." ఇప్పుడు తిరిగి నా మొహంలోకి చూసింది. "నువ్వు మంచిగ జేద్దామనే మార్చినవేమో. నన్ను అడిగి మార్చకపోతివా అన్నా?"

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తది. నాకు తెలిసిందే గద," అని బిందె తీసుకుని బయటికి నడిచింది.

హాతీరాం నారుమడి షెడ్డుకు దగ్గరే. ఎర్రమట్టి మెత్తగా చేసి, ఎత్తుగా మడి కట్టి, పక్కన కప్పడానికి వరిగడ్డి పెట్టారు. తండా అంతా చేరింది. ముసలాయన అదే ప్లాస్టిక్ కుర్చీలో మడికి అవతలి కొసన కూర్చున్నాడు. మిరప గింజల ప్యాకెట్, కత్తెర ఒక పళ్లెంలో పెట్టి మంగ్లి నాకు అందించింది. పూలి బిందె చంకన పెట్టుకుని అందరి వెనకా, మడికి ఎడంగా నిలబడింది. ఎవరూ రమ్మనలేదు, ఆమె రాలేదు.

కత్తెర చేతిలోకి తీసుకున్నాను. పళ్లెం వైపే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. "నేను ఇచ్చిన రెండు చేపలూ ఆడవే. ఆమె చెప్పింది నిజం. మొన్న నేనొచ్చి మగదాన్ని పెట్టి పోయాను, అందుకే పిల్లలయ్యాయి. ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. నాకు ఏంజెల్ చేపల్లో మగ ఆడ తెలియదు."

అనేశాను. ముందున్న నలుగురైదుగురు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మంగ్లి చేతిలో పళ్లెం ఒరిగింది. ఎవరో వాళ్ల భాషలో ఏదో అన్నారు. గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

"ఏందంటడు?" అన్నాడు హాతీరాం, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మంగ్లి ఆయన చెవి దగ్గరకు వంగబోయింది. వెనక నుంచి పూలి, "నువ్వు ఆగత్తా," అంది. గొంతు పెంచలేదు, కోపం లేదు. "తాతకు ఇనబడలేదన్నా. ఆ పొద్దు ఇనబడ్డది."

నా చెవులు వేడెక్కాయి. పరాయి మనిషిని బద్నాం చేయడానికి ఎంత గొంతు లేచిందో, నా తప్పు ఒప్పుకోవడానికి అంత గొంతు లేవదా? మడి చుట్టూ నడిచి ఆయన కుర్చీ ముందుకు వెళ్లాను. వంగాను. అరిచాను.

"తప్పు నాది, తాతా! రెండూ ఆడచేపలే! పూలి చెయ్యి మంచిదే! అబద్ధం చెప్పింది నేను!"

"ఆఁ?"

మళ్లీ అరిచాను. మూడోసారి అరిచేసరికి గొంతు చీరుకుపోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవతలి చేలల్లో పని చేస్తున్నవాళ్లు నడుములెత్తి ఇటు చూశారు. హాతీరాం నన్ను చాలాసేపు చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. నా భుజం మీదుగా వెనక్కి చూసి, "పూలీ, ఇట్ల రా బిడ్డా," అన్నాడు.

జనం జరిగి దారి ఇచ్చారు. పూలి బిందె దించి, మడి దగ్గరికి వచ్చి, నా ముందు చెయ్యి చాపింది. కత్తెర ఇంకా నా పిడికిట్లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఇచ్చాను. ఆమె దాన్ని కొంగుతో రెండు వైపులా శుభ్రంగా తుడిచి, అప్పుడు ప్యాకెట్ కత్తిరించింది.